వయోజనులకు పరీక్ష పెట్టే తీరు ఇదేనా?

సంపాదకుడు గారికి,

మొన్న మీ జిల్లా పేజీలో వయోజన విద్య పరీక్ష గురించి వేసిన వార్త, పక్కనే బెంచీల మీద కూర్చున్న ఆడవాళ్ల ఫొటో చూశాను. నాలుగైదు రోజులు ఊరుకున్నాను గానీ మనసొప్పలేదు. ఎంతమంది రాశారో, ఏ అధికారి వచ్చి చూశారో వివరంగా వేశారు. వాళ్లకు ఏం నేర్పారు, ఎలా నేర్పారు, ఆ పరీక్షతో ఏం తేలింది అన్న ముక్క ఒక్కటీ లేదు.

ఆ పరీక్ష ఉల్లాస్ పథకానిది, అంటే చదువురాని పెద్దవాళ్లకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే పథకం. మొత్తం 150 మార్కులు. చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. వ్యవధి మూడు గంటలు. ఉదయం పదింటి నుంచి సాయంత్రం అయిదింటి లోపు ఎప్పుడొచ్చి రాసినా సరే అంటారు. ఆ మాత్రం వెసులుబాటు ఇవ్వడం మంచిదే. కానీ పరీక్ష పెట్టింది మార్చిలో, ఆదివారం నాడు. మా పల్నాడులో మార్చి అంటే మిర్చి కోతలు. తెల్లారకముందే ఆటో ఎక్కిన మనిషి పొద్దుగూకితే గానీ ఇల్లు చేరదు. కూలికి పోయేవాళ్లకు ఆదివారం సెలవు ఎవరిస్తారు? కూలి పోగొట్టుకుని బడికి రమ్మంటే ఎవరొస్తారు? పొలం పనికి పోలేనివాళ్లు వస్తారు, లేదంటే పొదుపు సంఘం లీడరు మాట కాదనలేక కొందరు వస్తారు. అసలు చదువు అవసరమైనవాళ్లు మిర్చి చేలోనే ఉంటారు.

మా మండలంలోనే ఒక కేంద్రంలో నేను కళ్లారా చూసింది రాస్తున్నాను. యాభై దాటిన ఒకావిడ ప్రశ్నపత్రాన్ని చేయి చాపినంత దూరం పెట్టి చూస్తోంది, దగ్గరకు తెచ్చుకుంటోంది, మళ్లీ దూరం జరుపుతోంది. అక్షరాలు రాక కాదు. చత్వారం. కళ్లజోడు లేదు. నెలల తరబడి పాఠాలు చెప్పామంటున్నవాళ్లలో ఒక్కరికైనా ఆమెకు కళ్లజోడు కావాలని తట్టలేదా? నలభై దాటినవాళ్లకు చదువు చెప్పేటప్పుడు మొదట చూడాల్సింది కళ్లు కాదా? చివరికి పక్కన నిలబడ్డ హైస్కూలు పిల్ల పెన్ను తీసుకుని గబగబా నింపేసింది. ఆవిడ తన పేరొక్కటి రాసి లేచిపోయింది. బయట చెట్టు కింద కూర్చున్నాక పలకరిస్తే, కోతకు పోయిన రోజులకు కూలి ఎంత రావాలో, ఆటో కిరాయి, మేస్త్రీ కమీషన్ పోగా చేతికి ఎంత వచ్చిందో, సంఘం అప్పులో ఇంకా ఎన్ని కిస్తీలు ఉన్నాయో నోటిలెక్కతో తప్పు లేకుండా చెప్పింది. ఆ లెక్కకు 50లో ఎన్ని వెయ్యాలో పరీక్ష పెట్టినవాళ్లే చెప్పాలి.

పెద్దవాళ్లకు ఎలా నేర్పాలో మనకు తెలియక కాదు. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలైనప్పుడు మూడు వాచకాల పద్ధతి తెచ్చారు. సుమారు 200 గంటల చదువు. పరీక్షలు వాచకాల్లోనే, పాఠాల మధ్యలోనే ఉండేవి. ఎవరు ఎప్పటికి సిద్ధమైతే అప్పుడు రాసి ముందుకు పోవడమే. చివరికి ఏం రావాలో కూడా తేల్చి చెప్పారు. నిమిషానికి 30 మాటలు పైకి చదవాలి, 7 మాటలు చూసి రాయాలి, చెబుతుంటే 5 మాటలు రాయాలి, నూరు దాకా అంకెలు రావాలి. అప్పట్లో నేనూ సాయంత్రాలు లాంతరు పెట్టుకుని పాఠం చెప్పినదాన్నే. గుణింతాలతో మొదలుపెట్టిన చోట వారం తిరిగేసరికి సగం మంది మానేసేవారు. వాళ్ల పేరు, పిల్లల పేర్లు, ఊరి పేరు ముందు రాయించిన చోట వత్తులు కూడా వాళ్లే అడిగి నేర్చుకున్నారు. నెల్లూరు జిల్లాలో ఏం జరిగిందో లోకమంతా చూసింది. తాగుడుతో చితికిపోయిన సంసారం కథను అక్షరాస్యత పాఠంగా పెడితే, దూబగుంట ఆడవాళ్లు అది చదువుకుని, కలిసి మాట్లాడుకుని సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం ఊరూరికీ పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాళ్ల చదువు విలువ తేలింది మార్కుల్లో కాదు.

ఆ అనుభవమంతా ఏమైంది? సాక్షర భారత్ అనే వయోజన విద్య పథకం 2009లో వచ్చింది, 2018 మార్చితో ముగిసింది. నెలకు రెండు వేల గౌరవ వేతనానికి ఊరూరా పనిచేసిన సమన్వయకర్తలను ఇంటికి పంపించారు. అప్పుడు నేర్చుకున్నవాళ్లు చదివేందుకు ఊళ్లో పుస్తకం లేదు, పత్రిక లేదు, సగం మంది మళ్లీ వేలిముద్రకే వచ్చారు. ఇప్పుడు ఉల్లాస్‌లో చెప్పేవాళ్లు స్వచ్ఛందంగా చెప్పాలట. సరైన శిక్షణ లేదు, పైసా లేదు. ఇక బడి పంతుళ్ల సంగతి చెప్పనక్కర్లేదు, ఫొటోలు యాప్‌లో ఎక్కించడానికే వాళ్ల పొద్దు చాలడం లేదు. పై అధికారికి టార్గెట్, కింది అధికారికి టెన్షన్. ఈ జబ్బు ఒక్క అక్షరాస్యతకే కాదు, పెద్దవాళ్లకు ఇచ్చే ప్రతి శిక్షణకూ ఉంది. జాకెట్టు ముక్క కత్తిరించడం రానివాళ్లకు కూడా కుట్టు శిక్షణ సర్టిఫికెట్లు ఇచ్చేశారు. 2011 జనగణనలో ఉమ్మడి రాష్ట్రం అక్షరాస్యత 67 శాతం. సర్టిఫికెట్లు పంచినంత మాత్రాన ఆ లెక్క నిజంగా పెరగదు.

నేను గొంతెమ్మ కోరికలేమీ కోరడం లేదు. చదువు మిర్చి కోతలయ్యాక మొదలుపెట్టి, మళ్లీ కోతలు వచ్చేలోపు పూర్తి చెయ్యండి. మొదటి రోజే కళ్లు పరీక్ష చేయించి కళ్లజోళ్లు ఇవ్వండి. పరీక్ష బడి బెంచీ మీద కాకుండా సంఘం మీటింగులో పెట్టండి. బ్యాంకులో డబ్బు తీసే ఫారం నింపించండి, తీర్మానాల పుస్తకంలో ఒక పేజీ చదివించండి, మాత్రల అట్ట చేతికిచ్చి గడువు తేదీ చెప్పమనండి. ఏడాది పొడుగునా రాసిన నోటుబుక్కు చూసి దానికీ మార్కులు వెయ్యండి. పరీక్ష చేసేవాళ్లు పక్క మండలం నుంచి రావాలి. టార్గెట్ ఉన్నవాళ్లే మార్కులు వేస్తే ఎవరు తప్పుతారు?

మీకూ ఒక విన్నపం. ఆరు నెలలాగి మీ విలేకరిని ఆ ఊళ్లకే పంపండి. పాసయ్యామన్నవాళ్ల చేతికి మీ పత్రిక ఇచ్చి నాలుగు వరుసలు చదివించమనండి. ఎంతమంది చదివారో ఉన్నది ఉన్నట్టు జిల్లా పేజీలో వెయ్యండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
పల్నాడు జిల్లా