ముసలి ఎలుకలో ముందు తడబడేది మెదడే

విశాఖపట్నం

ఒరే శీనూ,

ముసలి విస్టార్ ఎలుకల (ల్యాబుల్లో పెంచే తెల్ల ఎలుకల జాతి) మీద పని మొదలెడుతున్నావని తెలిసి ఎంత సంతోషమేసిందో! ఒక్క సంగతి ముందే బుర్రలో పెట్టుకోరా. ఆడవాళ్ళకి ముట్లుడగడానికి అసలు కారణం అండాలు అడుగంటడం. ఆడ ఎలుకలో అలా కాదు, అండాశయంలో ఇంకా సరుకుండగానే మెదడు తడబడుతుంది. ముసలిదాని అండాశయం తీసి వయసులో ఉన్నదానికి అతికిస్తే మళ్ళీ పనిచేస్తుంది. తిరగేసి, పడుచుదాని అండాశయం ముసలిదానికి అతికిస్తే, ఋతుచక్రం రాదు.

ఎలుక నాలుగైదు రోజుల ఋతుచక్రంలో ప్రోఈస్ట్రస్ (ఎదకి ముందు దశ) నాటి సాయంత్రం ఎల్‌హెచ్ (అండం విడుదల చేయించే హార్మోన్) ఉప్పెనలా లేవాలి కదా. నడివయసులో, చక్రం సరిగ్గానే ఉన్నా, అది ఆలస్యంగా, పొట్టిగా వస్తుంది. జీఎన్‌ఆర్‌హెచ్ కణాలు (ఎల్‌హెచ్‌ని విడుదల చేయించే మెదడు కణాలు) చచ్చిపోయి కాదు. వాటిని తట్టిలేపే కిస్‌పెప్టిన్ కణాలు ఈస్ట్రోజన్‌కి మునుపటిలా పలకవు, అందుకు. ఆనక ఏడాది అటూఇటూగా చక్రం సాగి, నిలకడ ఈస్ట్రస్‌లో (ఎద దశలోనే ఉండిపోవడం) పడుతుంది. అప్పుడు యోని స్మియర్ (యోనిలోంచి కడిగి తీసిన కణాలు) స్లైడ్ మీద రోజూ ఒకటే దృశ్యం: కేంద్రకం లేని కణాలు, మన ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కోసే చోట రాలిన పొలుసుల్లా. అండాశయం కోసి చూడు, ఉబ్బిన ఫాలికిల్సే (అండాలు పెరిగే సంచులు) ఉంటాయి, కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక మిగిలే ముద్ద) ఒక్కటీ కనబడదు.

స్మియర్ రోజూ ఉదయం ఒకే వేళకి తియ్యి. 0.9 శాతం సెలైన్ 100 మైక్రోలీటర్లు చాలు. పిపెట్ మొన అర సెంటీమీటరు దాటనివ్వకు. లోతుగా పోయి గర్భాశయ ముఖానికి తగిలిందా, ఎలుక కడుపొచ్చిందనుకుని 12-14 రోజులు డైఈస్ట్రస్‌లోనే (ఎద లేని దశ) కూర్చుంటుంది. నువ్వేమో దాన్ని ముసలితనం ఖాతాలో రాసేస్తావు. రెండు వారాలు వరసగా చూడకుండా ఏ ఎలుకకీ ఫలానా దశలో ఉందని ముద్ర వెయ్యకు.

దీపాల సంగతి మరీ ముఖ్యం. రాత్రంతా వెలుగుతూ ఉంటే పడుచు ఎలుకలు కూడా నిలకడ ఈస్ట్రస్‌లోకి పోతాయి! తుఫాను రోజుల్లో కరెంటు పోయి వచ్చాక టైమరు చేత్తో సరిచూడు. గంటలు జరిగితే ఉప్పెన కూడా జరుగుతుంది. ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా వెలుగైతే, ప్రోఈస్ట్రస్ నాడు మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8 దాకా గంటకోసారి తోక చివర నుంచి రక్తం తియ్యి. ఒక్క నమూనాతో ఎల్‌హెచ్ గురించి ఏమీ చెప్పలేం.

మేతలో సోయా ఉందేమో అడుగు, మొక్కల ఈస్ట్రోజన్ లెక్క తప్పిస్తుంది. ఆఖర్న పిట్యూటరీ (మెదడు కింది గ్రంథి) కూడా చూడు. ముసలి ఎలుకల్లో అక్కడ కణితులు మామూలే. ప్రొలాక్టిన్ (పాలు ఊరించే హార్మోన్) పెంచేవైతే ఆ ఎలుకని వేరే రాసుకో.

మొదటి స్లైడ్ల ఫొటోలు పంపు, కలిసి చదువుదాం.

నీ
రవి