పర్మిట్ల పంపిణీకి ముందు వీధిలో చోటెంతో లెక్క తేల్చాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఇళ్ల ముందు వాహనాలు నిలిపే విషయమై ఇరుగుపొరుగుల మధ్య తగాదాలు పెరుగుతున్నాయనీ, దీనికి విరుగుడుగా వీధిలో ఉండేవారికి మాత్రమే పార్కింగ్ పర్మిట్లు ఇవ్వాలనీ ఈ మధ్య తరచుగా వినిపిస్తున్నది. ఆ ఆలోచనకు నేను వ్యతిరేకిని కాను. అయితే వీధిలో ఎన్ని బళ్లకు చోటుందో లెక్క తేల్చకుండా ఇంటింటికీ అడిగినన్ని స్టిక్కర్లు పంచితే, ఇప్పుడున్న తగాదాకు అధికార ముద్ర పడుతుందే తప్ప తగాదా తీరదు. ఈ ఒక్క మాటను పురపాలక అధికారుల దృష్టికీ, కాలనీ సంఘాల దృష్టికీ మీ పత్రిక ద్వారా తీసుకురావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ తగాదాలకు మూలం చాలాసార్లు ఒక అపోహ. ప్రహరీని ఆనుకుని ఉన్న రోడ్డు అంచు ఆ ఇంటివారిదేనని మనలో చాలామంది నమ్ముతాం. అందుకే అక్కడ రాళ్లు పేరుస్తాం, తాడు కడతాం, పూలకుండీలు పెడతాం, పొరుగింటి చుట్టం బండి ఆపితే నిలదీస్తాం. రోడ్డు అందరిదీ. తమ గేటులోంచి రాకపోకలకు అడ్డు ఉండకూడదని అడిగే హక్కు ఇంటివారికి ఉంది గానీ, గేటు పక్కనున్న జాగాపై హక్కు లేదు. గేటుకు అడ్డంగా ఆపిన బండి, మలుపులో ఎదుటివారు కనబడకుండా ఆపిన బండి, కాలిబాట మీదికి ఎక్కించి ముసలివారినీ పిల్లలనూ నడిరోడ్డుకు నెట్టిన బండి నిజమైన తప్పులు. వీటి మీద ఫిర్యాదు చేయడానికి పర్మిట్ పద్ధతి వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఇంటి ముందు పరాయి బండి ఊరికే నిలిచి ఉండటం మాత్రం, ఎంత చికాకు కలిగించినా, ఆ కోవలోకి రాదు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడినంతకాలం పొరుగువారితో మాటా మాటా పెరుగుతూనే ఉంటుంది.

ఇక లెక్కకు వస్తాను. రోడ్డు వెంబడి వరుసగా ఆపే కారుకు, ముందుకూ వెనక్కూ తిప్పుకునే జాగాతో కలిపి, సుమారు 6 మీటర్ల పొడవు కావాలి. 100 మీటర్ల వీధిలో ఒక పక్కన, ఒక్కొక్కటి 12 మీటర్ల వెడల్పున్న ఎనిమిది స్థలాల్లో ఎనిమిది ఇళ్లున్నాయనుకుందాం. గేటుకు 3 మీటర్లు వదిలితే ఒక్కో ఇంటి ముందు 9 మీటర్లు మిగులుతాయి. అందులో పట్టేది ఒక్క కారే, తక్కిన 3 మీటర్లు ద్విచక్ర వాహనాలకు తప్ప పనికిరావు. వీధి రెండు కొసలా మలుపు దగ్గర చూపు ఆనేందుకు కొంత ఖాళీ ఉంచితే ఎనిమిదిలో ఒకటి రెండు తగ్గుతాయి. ఎదుటి పక్కన కూడా ఆపుకోవచ్చు గదా అని అడగవచ్చు. రోడ్డు వెడల్పు 7 మీటర్లే అయితే, రెండు పక్కలా కార్లు ఆగాక నడుమ మిగిలేది దాదాపు 3 మీటర్లు. అగ్నిమాపక వాహనం వెళ్లే దారికి కనీసం 3.7 మీటర్లు ఉండాలని బ్రిటన్ భవన నిబంధనల మార్గదర్శకాలు చెబుతున్నాయి. కనుక కార్లు ఒక పక్కనే ఆగాలి. రెండు వరుసల్లో కలిపి పదహారు ఇళ్లు, ఇంటికి రెండు వాటాలు, వాటాకు ఒక కారు చొప్పున చూసినా ముప్పై రెండు కార్లవుతాయి. వాటిలో సగం ఇళ్ల లోపలే నిలుస్తాయనుకున్నా, ఆరేడు కార్లకు సరిపడే జాగా కోసం పదహారు కార్లు పోటీ పడతాయి. ఇలాంటి వీధిలో అడిగినవారందరికీ స్టిక్కర్లు ఇవ్వడమంటే, సినిమా హాలులో సీట్లకు రెండింతలు టిక్కెట్లు అమ్మడమే. రుసుము కట్టి స్టిక్కరు అంటించుకున్న మనిషి రాత్రి ఇంటికి చేరేసరికి చోటు లేకపోతే, అంతకుముందు లేని కోపం ఇప్పుడు అతనికి న్యాయంగానే వస్తుంది.

నివాసుల పర్మిట్ ఏ అవసరం కోసం పుట్టిందో కూడా గమనించాలి. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి చెందిన ఆర్లింగ్టన్ కౌంటీలో, సమీపంలోని కార్యాలయాలకు వచ్చేవారు పక్కనున్న ఇళ్ల వీధుల్లో పగలంతా కార్లు వదిలి వెళుతుంటే, అక్కడి పాలకమండలి పనిదినాల్లో ఆ వీధులను స్థానికుల కార్లకూ, వారి దగ్గరికి వచ్చినవారి కార్లకూ పరిమితం చేసింది. ఇది సమానత్వానికి విరుద్ధమని బయటివారు కోర్టుకెక్కారు, వర్జీనియా సుప్రీంకోర్టు వారితో ఏకీభవించింది కూడా. 1977లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, నివాస ప్రాంతాల్లో చప్పుడూ పొగా తగ్గించడానికీ, జనం కార్ల మీద ఆధారపడటం తగ్గించడానికీ స్థానికులకూ ఇతరులకూ మధ్య తేడా చూపవచ్చని తేల్చింది. బయటి బళ్ల ఒత్తిడి ఉన్నచోట పర్మిట్ ఎలా పనిచేస్తుందో చెప్పే మంచి ఉదాహరణ ఇది. కానీ వీధిలో కిక్కిరిసినవి స్థానికుల సొంత కార్లే అయితే, బయటివారిని ఎంత తరిమినా చోటు పుట్టదు.

ఈ సంగతి తెలుసుకోవడానికి పెద్ద సర్వేలు అక్కరలేదు. తెల్లవారుజామున ఒకసారి, పనిదినం మధ్యాహ్నం ఒకసారి వీధిలో ఆగిన బళ్లను నంబర్లతో సహా లెక్కించాలి. తెల్లవారుజామున ఉన్నవి దాదాపుగా స్థానికులవి. మధ్యాహ్నం కొత్తగా కనబడేవి ఎక్కువగా బయటివారివి. వేర్వేరు రోజుల్లో ఈ పని చేసి, ఆ లెక్కను వీధిలో ఉన్న చోట్ల సంఖ్య పక్కన పెడితే, ఏ వీధికి పర్మిట్ కావాలో, ఏ వీధికి వేరే మందు కావాలో తేలిపోతుంది. పర్మిట్ల సంఖ్య ఆ చోట్ల సంఖ్యకు కట్టుబడి ఉండాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రాంతాలవారీగా పర్మిట్లకు గరిష్ఠ పరిమితి ఉంది; అది నిండిన చోట కొత్తగా అడిగేవారు వరుసలో వేచి ఉండాల్సిందే. కఠినంగానే తోస్తుంది గాని, అందులో నిజాయితీ ఉంది.

జపాన్ ఇంకా ముందుకు వెళ్లింది. 1962లో చేసిన చట్టం ప్రకారం, కొన్ని గ్రామీణ ప్రాంతాలకూ చిన్న కార్లకూ మినహాయింపులున్నా, కారు రిజిస్టర్ కావాలంటే దాన్ని నిలపడానికి రోడ్డు కాని జాగా ఉందని పోలీసుల నుంచి ధ్రువపత్రం తేవాలి. ప్రస్తుత నిబంధన ప్రకారం ఆ జాగా ఇంటికి 2 కిలోమీటర్ల లోపు ఉండాలి. ఇప్పటికే కార్లు నిండిన వీధుల్లో దీన్ని ఒక్కసారిగా అమలు చేయలేమని నాకు తెలుసు. కానీ కొత్త కట్టడాల విషయంలో అలాంటి పట్టుదల సాధ్యమే. లండన్‌లోని అనేక బరోలు, అంటే అక్కడి స్థానిక పాలక సంస్థలు, కొన్ని కొత్త భవనాలకు అనుమతి ఇచ్చేటప్పుడే, అందులో చేరబోయేవారికి వీధి పర్మిట్లు దొరకవని షరతు పెడుతున్నాయి. ఇంటి ప్లానులో పార్కింగుగా చూపిన జాగాను గదులుగానో, అద్దెకిచ్చే దుకాణంగానో మార్చుకుని, తమ కారును మాత్రం వీధిలో నిలిపేవారి దరఖాస్తులను అన్నిటికన్నా చివర పరిశీలించాలి. ఈ విషయంలో నాకు ఏ మొహమాటమూ లేదు.

రుసుము విషయంలో రెండు మాటలు. ఇంటికి మొదటి పర్మిట్ అందుబాటులో ఉండాలి, రెండోది బాగా బరువుగా ఉండాలి. కాలిఫోర్నియాలో ప్రణాళికా శాస్త్రం బోధించిన డొనాల్డ్ షూప్, వీధిలో ప్రతి వరుసకూ ఒకటి రెండు చోట్లు ఖాళీగా ఉండేలా రుసుము నిర్ణయించాలనీ, వచ్చిన డబ్బును ఆ వీధికే ఖర్చు పెట్టాలనీ దశాబ్దాలపాటు వాదించారు. పాసడేనా నగరపు పాత వ్యాపార ప్రాంతంలో 1993లో పార్కింగ్ రుసుము వసూలు చేసే మీటర్లు పెట్టినప్పుడు, ఆ ఆదాయం అక్కడి కాలిబాటలకూ దీపాలకూ శుభ్రతకూ వెచ్చిస్తామన్న హామీ మీదనే వ్యాపారులు ఒప్పుకున్నారు. వసూలైన సొమ్ము ఖజానాలో కలిసిపోతే జనం దాన్ని మరో పన్నుగానే చూస్తారు. తమ వీధి మలుపులో దీపం వెలిగితే సహకరిస్తారు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అద్దెకుండేవారి సంగతి. పర్మిట్‌ను ఇంటి యజమాని పేరున ఇస్తే, అది అతని చేతిలో మరో అద్దె వస్తువవుతుంది. నివాసం రుజువు చేసిన ప్రతివారూ, సొంతదారైనా అద్దెదారైనా, ఒకే వరుసలో నిలబడాలి. పర్మిట్ వాహనం నంబరుకు ముడిపడి ఉండాలి, ఇల్లు ఖాళీ చేసిననాడు రద్దు కావాలి. అలాగే, మంచాన పడిన పెద్దలను చూసుకోవడానికి రోజూ వచ్చే సహాయకులు, నర్సులు, బిడ్డల దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు, మరమ్మతు పనివారు ఈ పద్ధతిలో బయటివారైపోకూడదు. గంటల లెక్కన గానీ రోజుల లెక్కన గానీ వాడుకునే అతిథి పర్మిట్లు ప్రతి ఇంటికీ కొన్ని ఇవ్వాలి. వైకల్యం ఉన్నవారికి గేటు దగ్గరే చోటు గుర్తించి, దాన్ని ఎవరూ ఆక్రమించకుండా కాపాడాలి. వీధి చివరి వరకూ నడవగలిగిన మనిషికి అసౌకర్యం కలిగితే అతడు సర్దుకుంటాడు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి మాత్రం ఆ రోజు ఇల్లే కదలలేడు.

అమలు చేసేటప్పుడు ఒక్కో వీధిని విడిగా తీసుకోవడం పొరపాటు. ఒక వీధికి పర్మిట్ పెట్టగానే అక్కడి బళ్లు పక్క వీధిలోకి చేరతాయి, మరునాడు ఆ వీధివారు ఫిర్యాదు మొదలుపెడతారు. నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న వీధులన్నిటినీ ఒకే ప్రాంతంగా గుర్తించి, కొన్ని నెలలు నడిపి చూసి, మళ్లీ తెల్లవారుజామునా మధ్యాహ్నమూ బళ్లు లెక్కించి, తేడా కనబడకపోతే పద్ధతి మార్చుకోవాలి.

పురపాలక అధికారులకు నా విన్నపం ఇది. పర్మిట్ల ప్రకటన వెలువరించే ముందు, ప్రతి వీధిలో ఎన్ని చోట్లున్నాయి, రాత్రి ఎన్ని బళ్లు ఆగుతున్నాయి, పగలు ఎన్ని ఆగుతున్నాయి, ఎన్ని పర్మిట్లు ఇవ్వదలచారు అన్న నాలుగు అంకెలను వార్డు కార్యాలయం నోటీసు బోర్డు మీద పెట్టి, అభ్యంతరాలకు ఒక నెల గడువు ఇవ్వండి. పర్మిట్ ఉంటే చోటు దొరికి తీరుతుందన్న హామీ లేదని పత్రం మీదనే స్పష్టంగా ముద్రించండి. కాలనీ సంఘాలు తమంతట తాముగా ఈ లెక్కలు తీసి పంపితే, వాటిని ప్రచురించడానికి మీ పత్రికలో కొంత చోటు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు