వార్షిక నివేదిక: ఊఫర్ ఎక్కడ ఆగాలి, ట్వీటర్ ఎక్కడ అందుకోవాలి

సభ్యులందరికీ నమస్కారం.

హనుమకొండలో జరిగిన మన కూటాలకు ఈ ఏడు ఎక్కువగా వచ్చినవి ఎనిమిది అంగుళాల ఊఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద స్పీకర్) ఉన్న పాత స్పీకర్ బాక్సులే. కొన్నింటికి ఫోమ్ అంచు చిరిగింది, కొన్నింటికి ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) పోయింది. అంచు అతికించడం ఇప్పుడు అందరికీ వచ్చు కాబట్టి దాని గురించి రాయడం లేదు. వాదనలన్నీ క్రాస్ఓవర్ దగ్గరే, అంటే కింది స్వరాలను ఊఫర్‌కు, పై స్వరాలను ట్వీటర్‌కు పంచే సర్క్యూట్ దగ్గరే నడిచాయి.

బజార్లో దొరికే రెడీమేడ్ క్రాస్ఓవర్ బోర్డు తగిలిస్తే పాట వస్తుంది, కాదనను. కానీ ఊఫర్ ఆగి ట్వీటర్ అందుకునే చోటు ఇదీ అని దాని మీద వేసే 3000, 3500 హెర్ట్జ్ అంకెలు మన ఊఫర్‌ను చూసి వేసినవి కావు. ఎనిమిది అంగుళాల ఊఫర్‌లో నిజంగా గాలిని కదిలించే కోన్ వెడల్పు దాదాపు 16.5 సెంటీమీటర్లు. 2000 హెర్ట్జ్ దగ్గర శబ్ద తరంగం పొడవు కూడా ఇంచుమించు అంతే. అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ శబ్దం ఎదురుగా కూర్చున్నవాళ్లకే పోతుంది, పక్కకు జరిగితే గొంతు మసకగా వినిపిస్తుంది. అందుకే ఈ ఊఫర్‌ను 3500 దాకా లాగడం నాకు నచ్చదు.

పోనీ 1500కు దింపుదామంటే ట్వీటర్ తట్టుకోదు. అంగుళం డోమ్ ట్వీటర్లలో చాలావాటి రెజొనెన్స్, అంటే డోమ్ తనంతట తాను ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ, 1000 హెర్ట్జ్‌కు అటూ ఇటూ ఉంటుంది. కనీసం దానికి రెట్టింపు పైన కలపాలన్నది పాత లెక్క. ఫ్రీక్వెన్సీ సగానికి దిగితే అదే శబ్దానికి డోమ్ నాలుగింతలు కదలాలి. ట్వీటర్‌కు ఒంటి కండెన్సర్ పెడితే ఫ్రీక్వెన్సీ అలా సగానికి దిగేసరికి వోల్టేజీ తగ్గేది సగమే, కాబట్టి కదలిక ఇంకా రెట్టింపవుతుంది. కాయిల్ కూడా చేర్చి 12 డెసిబెల్ వాలు (ఫ్రీక్వెన్సీ సగమైనప్పుడల్లా 12 డెసిబెల్లు తగ్గేలా) ఇస్తే ఆ పెరుగుదల ఆగుతుంది. ఫంక్షన్లకు గట్టిగా పెట్టిన బాక్సుల్లో ముందుగా పోయేది ట్వీటరే ఎందుకో ఇక్కడే కొంత అర్థమైంది.

చివరికి ఇలాంటి జతకు 2400 దగ్గర ఆగాం. హ్యూలెట్ ప్యాకర్డ్ ఇంజనీర్లు లింక్విట్జ్, రైలీల పేరున్న పద్ధతిలో, 12 డెసిబెల్ వాలుకు 8 ఓమ్‌ల లెక్కన కండెన్సర్ 4.1 మైక్రోఫారాడ్, కాయిల్ 1.06 మిల్లీహెన్రీ. ఇందులో ట్వీటర్ వైర్లు తిరగేసి కలపాలి, లేకపోతే రెండూ కలిసే చోటే శబ్దం కుంగుతుంది. అయితే 8 ఓమ్‌లు అన్నది లేబుల్ మాటే. మల్టీమీటర్ పెడితే ఆరు చిల్లర చూపిస్తుంది, పై ఫ్రీక్వెన్సీల్లో ఊఫర్ లోపలి కాయిల్ వల్ల అది పెరుగుతూ పోతుంది. ఊఫర్‌కు సమాంతరంగా ఒక రెసిస్టరు, కండెన్సర్ జంటను పెడితే గానీ లెక్క దారికి రాదు. దీన్ని జోబెల్ అంటారు. రెడీమేడ్ బోర్డుల్లో చాలావాటికి ఇది ఉండదు.

వినడానికి వాడింది పద్మాక్షి గుట్ట దగ్గర సభ్యులు రికార్డు చేసుకున్న బతుకమ్మ పాటలు. ఆడవాళ్ల కోరస్, చప్పట్లు సరిగ్గా ఈ కలిసే చోటే పడతాయి, అతుకు సరిగా లేకపోతే వెంటనే దొరికిపోతుంది. స్టూడియోలో నున్నగా చేసిన పాటలు అన్నీ బాగానే వినిపించి మోసం చేస్తాయి.

3000 మేలని చివరిదాకా వాదించిన సభ్యుడి బాక్సులో ఉన్నది ఐదు అంగుళాల ఊఫర్. ఆయన బాక్సుకు ఆయన మాటే సరైనది.

చందాలు కాయిల్ తీగకు, నాన్ పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కండెన్సర్లకు ఖర్చయ్యాయి. లెక్కల పుస్తకం కోశాధికారి దగ్గర చూడొచ్చు. వచ్చే ఏడు పన్నెండు అంగుళాల ఊఫర్ ఉన్న త్రీ వే (శబ్దాన్ని మూడు భాగాలుగా పంచే) బాక్సుల పని పెట్టుకుందాం. కొలిచే మైకు ఎవరి దగ్గర ఉందో వాళ్లు దయచేసి వచ్చే కూటానికి తీసుకురావాలి.

కార్యదర్శి