రెయిడ్‌కు నలుగురు దొరకని ఊళ్లు

సంపాదకులకు,

ఫోన్ పట్టుకుని వీధుల్లో తిరుగుతూ ఆడే ఆటల గురించి ఎప్పుడు చర్చ వచ్చినా రెండు మాటలే వినిపిస్తాయి. ఒంటరిగా ఆడేవాడు మనుషులకు దూరమవుతున్నాడని, నలుగురితో కలిసి ఆడితే స్నేహాలు పెరుగుతాయని. ఆడేవాడి స్వభావం సంగతి తర్వాత, ముందు వాడుండే ఊరేదో అడగాలి. వీధుల్లో తిరుగుతూ పోకెమాన్ అనే ఊహాజీవులను పట్టి పోరాడించే పోకెమాన్ గోనే చూడండి.

మన దేశంలోకి ఇది 2016 డిసెంబరులో జియో ఒప్పందంతో వచ్చింది. అప్పుడు రిలయన్స్ డిజిటల్ దుకాణాలను ఆటలో వస్తువులు దొరికే స్టాప్‌లుగా, పోరాటాలు జరిగే జిమ్‌లుగా పెట్టారు. పెద్ద బజారున్న ఊరికి మొదటి రోజే మొగ్గు దక్కింది. 2017లో రెయిడ్‌లు, అంటే జిమ్‌లో బాస్ అనే బలమైన పోకెమాన్‌ను గడువులోగా ఓడించే పోరాటాలు వచ్చాక ఆ తేడా ఇంకా పెరిగింది. నక్షత్రాలు పెరిగేకొద్దీ బాస్ బలం పెరుగుతుంది. ఒక నక్షత్రం రెయిడ్‌ను ఒక్కరే గెలవొచ్చు. మూడు నక్షత్రాలదీ ఒక్కరికి సాధ్యమే, కాకపోతే నీరు, నిప్పు లాంటి టైపుల్లో బాస్ దేనికి బలహీనమో ఆ టైపు పోకెమాన్‌లనే ఆరింటిని బాగా పవర్ పెంచి ఉంచుకోవాలి. ఆట తనంతట తాను ఎంచి ఇచ్చే జట్టును నమ్ముకుని చాలామంది ఇక్కడే ఓడిపోతారు. అది తరచూ దెబ్బ కాచుకునేవాటిని ముందు పెడుతుంది, 180 సెకన్లలో పని తేల్చాల్సింది మాత్రం దెబ్బ కొట్టేవి. ఐదు నక్షత్రాలదానికి 300 సెకన్లు ఇస్తారు గానీ మామూలు ఆటగాళ్లయితే నలుగురైదుగురు కావాలి. ఇక 2024లో వచ్చిన పోకెమాన్ రాక్షసాకారంలో ఉండే గైగాంటామ్యాక్స్ పోరాటాలకు పది నుంచి నలభై మంది అన్నారు. మండల కేంద్రంలో నలభై మందిని ఎక్కడినుంచి తేవాలి?

2020లో కొవిడ్ పుణ్యమా అని వచ్చిన, దూరంలోని రెయిడ్‌లో ఇంటినుంచే చేరనిచ్చే రిమోట్ రెయిడ్ పాస్ చిన్న ఊళ్లకు ఊపిరి పోసింది. 2023 ఏప్రిల్‌లో దాని ధరను 100 కాయిన్ల (ఆటలో చెల్లే నాణేల) నుంచి ఏకంగా 195కు పెంచారు, అప్పట్లో రోజుకు ఐదేనని పరిమితి కూడా పెట్టారు. ఇంట్లో కూర్చుని ఆడటం మితిమీరిందని కంపెనీ వాదన. జిమ్‌లో నిలబెట్టిన పోకెమాన్ పది నిమిషాలకు ఒక కాయిన్ చొప్పున రోజుకు గరిష్ఠంగా 50 తెస్తుంది. అంటే ఒక్క పాస్‌కు నాలుగు రోజులు. ఊళ్లో జిమ్మే లేకపోతే అదీ లేదు.

ఉన్నంతలో దారి లేకపోలేదు. జిమ్ దగ్గరికెళ్లి తెర మీద దాని బిళ్లను తిప్పితే, అక్కడికక్కడ ఆడే రెయిడ్‌కు రోజుకొక పాస్ ఉచితం. దాన్ని బుధవారం సాయంత్రం 6 నుంచి 7 వరకు ఉండే రెయిడ్ అవర్‌కు దాచుకోవాలి. ఎవరితోనూ ముందుగా మాట్లాడుకోకపోయినా ఆ గంటలో అందరూ ఆడుతుంటారు. వేసవిలో డాలస్‌లో అది ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర, కాబట్టి అక్కడున్న మనవాళ్లనూ పిలవొచ్చు. ఒక విడతకు ఐదుగురికి ఆహ్వానం పంపొచ్చు. రెయిడ్ మొదలయ్యే ముందు ఆటగాళ్లు చేరే లాబీ రెండు నిమిషాలే ఉంటుంది గనక మొదటి అర నిమిషంలోనే పంపేయాలి. అవతలివాళ్లు అప్పటికే ఆట తెరిచి ఉంచుకోవాలి, నోటిఫికేషన్‌ను నమ్ముకుంటే అది చేరేలోగా లాబీ మూసుకుంటుంది. రోజూ ఆటలో బహుమతులు ఇచ్చిపుచ్చుకుంటే 90 రోజులకు బెస్ట్ ఫ్రెండ్ స్థాయి వస్తుంది, రెయిడ్‌లో దాడి 10 శాతం పెరుగుతుంది. ఒంటరిగా తిరిగేవాడు సంపాదించిన ఈ స్నేహాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

నగరాల్లో తిప్పలు ఇంకో రకం. లాబీలో 20 మందికే చోటు. ఇరవై ఇద్దరు వెళితే చివరి ఇద్దరు వేరే లాబీలో పడి ఓడిపోతారు. ముందే సగం సగంగా విడిపోయి, తమవాళ్లే చేరగలిగే ప్రైవేట్ కోడ్‌తో వెళ్లడం మేలు.

అసలు మార్పు రావాల్సింది మ్యాప్‌లో. కొత్త స్టాప్‌లను ప్రతిపాదనల వేదిక అయిన వేఫేరర్ ద్వారా ఆటగాళ్లే ప్రతిపాదించవచ్చు. గ్రామదేవత గుడి, గ్రంథాలయం, విగ్రహం, ఆటస్థలం, జనం కూర్చునే రచ్చబండ ఇలాంటివి పనికొస్తాయి. సొంత ఇళ్లు, పిల్లల బడులు పనికిరావు. రెండు ఫొటోలు కావాలి: ఒకటి ఆ వస్తువుది, రెండోది చుట్టుపక్కలది. మనుషుల ముఖాలు, బండి నంబర్లు పడినా, కదిలే బండిలోంచి తీసినా, మ్యాప్ మీద పెట్టిన పిన్ పక్కకు జరిగినా తిరస్కరిస్తారు. ఆమోదం పొందినా, దగ్గర్లోనే మరో స్టాప్ ఉంటే ఆటలో కనిపించకపోవచ్చు.

2025లో ఈ ఆట తయారుచేసిన నయాంటిక్ కంపెనీ చేతిలోంచి స్కోప్లీ కంపెనీకి మారింది. వాళ్లు చేయదగ్గవి రెండున్నాయి. జిమ్‌లు తక్కువున్న చోట ఐదు నక్షత్రాల బాస్ బలాన్ని వచ్చినవాళ్ల సంఖ్యను బట్టి తగ్గించాలి. ఎంచిన పోకెమాన్ విరివిగా కనిపించే, నెలనెలా జరిగే కమ్యూనిటీ డే సాధారణంగా మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు ఉంటుంది. మే నెల ఎండలో రామగుండంలోనో, రెంటచింతలలోనో ఆ వేళ పిల్లల్ని ఎవరు బయటికి పంపుతారు? వేసవి మూడు నెలలైనా దాన్ని సాయంత్రం 5 నుంచి 8కి మార్చాలి.

– ఒక పాఠకుడు, జనగామ