మంత్రి గారూ, గస్తీ పడవ ఏదండీ?

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

అంతర్వేది తీరంలో పదకొండేళ్లుగా ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ల గుడ్లకు కాపలా కాస్తున్నాను. సోమవారం గ్రీవెన్సులో నాలుగుసార్లు అర్జీ పెట్టాను. రసీదులు నాలుగూ ఉన్నాయి, జవాబు ఒక్కటీ లేదు. అందుకే అందరి ముందూ అడుగుతున్నాను.

మూడు సీజన్ల కిందట మా ఊరి మీటింగులో, ఒడ్డు దగ్గరికి వచ్చే పెద్ద బోట్లను ఆపే గస్తీకి పడవ ఇస్తామని అధికారి మైకులో చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ ఏడు టెండర్ అన్నారు. మరుసటేడు ఇంజిన్ రాలేదన్నారు. ఇప్పుడాయన బదిలీ అయ్యారు, కొత్తాయనకు ఆ సంగతే తెలియదట.

మాఘమాసంలో ఊరంతా నరసింహస్వామి తీర్థంలో ఉంటే మేం నలుగురం ఎర్ర లైటు పట్టుకుని ఇసుకలో నడుస్తుంటాం. తెల్ల వెలుగు చూస్తే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. అది పెట్టి వెళ్లగానే, నక్కలూ కుక్కలూ తవ్వకముందే, నూరు పైచిలుకు గుడ్లు పొర్లకుండా బకెట్లో సర్ది, వాటిని పొదిగించే హేచరీకి తెస్తాం. అక్కణ్ణుంచి 45 నుంచి 60 రోజులు కాపలా. పిల్లలు నీళ్లలోకి పాకే ఆ ఉదయం చూస్తే పడ్డ కష్టమంతా మరిచిపోతాం సార్.

కానీ తెల్లారేసరికి అదే ఇసుకలో తల్లులు చచ్చిపడి ఉంటున్నాయి. సముద్రంలో బతికేదే అయినా ఊపిరికి పైకి రావాలిగా. ట్రాలర్, అంటే వల ఈడ్చుకుపోయే పెద్ద మరబోటు, దాని వలలో చిక్కితే పైకి రాలేదు. కోసి చూస్తే కడుపులో గుడ్లుంటాయి. ఆడ తాబేలు పుట్టిన తీరానికే గుడ్లు పెట్టడానికి వస్తుందంటారు. మొదటి ఏడాది నా చేతుల్తో వదిలిన పిల్లే ఇదేమోనని మనసు పీకుతుంది.

ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు చేపలు వేటాడకూడదని రూలు మీకు తెలుసు. 1972 వన్యప్రాణి చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే ఈ ఆలివ్ రిడ్లే కూడా ఉంది. నీళ్లలోకి వెళ్లి చూసేవాళ్లేరీ? ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం ఉందిగా అంటున్నారు. తాబేళ్లు జనవరి నుంచే వస్తాయి సార్! నిషేధం మొదలయ్యేసరికి పాతిపెట్టడాలు కూడా అయిపోతాయి.

వేట చేసుకునేవాళ్ల మీద నాకు కోపం లేదు. నేనూ ఆ ఇంట్లో పుట్టినవాణ్నే. వలలో తాబేలు పడితే మా నాన్న కూర్మావతారమని దండం పెట్టి, వల కోసి మరీ వదిలేవాడు. పెద్ద బోట్లు ఒడ్డు దాకా వస్తే మా చిన్న పడవల వాళ్ల వలలూ తెగుతున్నాయి, వాళ్లూ గస్తీ పెట్టమనే మొత్తుకుంటున్నారు.

పాత పడవైనా పర్వాలేదు. డీజిల్‌కు డబ్బులివ్వండి, నడపడానికి మేమున్నాం. సీజను సగం అయిపోయింది, మిగిలిన సగానికైనా పంపండి. దయచేసి ఒక తేదీ చెప్పండి. నిన్న పొద్దున రెండింటిని పాతిపెట్టాం, ఈ పొద్దున ఇంకోటి.

ఇట్లు,
అంతర్వేది తీరంలో ఒక తాబేళ్ల కాపలాదారు