గదిలో ఒక్కరికైనా చెప్పు తల్లీ

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నీకు ఫిట్స్ వస్తాయన్న సంగతి హాస్టల్ గదిలోని అమ్మాయిలకు ఇంకా చెప్పలేదనీ, మాత్రలు కూడా వాళ్ళు నిద్రపోయాక వేసుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

చెప్పడానికి ఎందుకు వెనకాడుతున్నావో అర్థమైంది. మూర్ఛ అంటే గాలి సోకిందని తాయెత్తులు కట్టేవారు, పెళ్ళి కాదేమోనని ఆడపిల్ల జబ్బును గుట్టుగా దాచేవారు మన చుట్టూ ఇంకా ఉన్నారు. మూర్ఛను వివాహానికి అడ్డంకిగా చూపిన మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లో తొలగించినా, జనం నోట అది ఇంకా నానుతూనే ఉంది. ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి ఉన్న ఈ జబ్బుకు సరైన వైద్యం అందితే, వారిలో 70 శాతం మంది వరకు ఫిట్స్ లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

నన్ను ఎక్కువగా బాధిస్తున్నది నీ దాపరికం. ఎప్పుడు వస్తుందో, ఎవరు చూస్తారోనని బిక్కుబిక్కుమంటూ ఉంటే నిద్ర పట్టదు. నిద్ర చాలకపోతే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. వస్తే భయం మరింత ముదురుతుంది. మూర్ఛ ఉన్నవారిలో కుంగుబాటు, ఆందోళన మిగతావారికన్నా ఎక్కువ. నీవు వాడే లెవెటిరాసిటమ్ మాత్ర వల్ల కూడా కొందరికి చిరాకు, దిగులు కలుగుతాయి కనుక, ఊరికే ఏడుపు వస్తోందంటే ఆ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పు. మాత్రను మాత్రం నీ అంతట నీవు ఆపవద్దు. ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ తెరిపి లేకుండా వచ్చే ప్రమాదం ఉంది. మాతో చెప్పుకోలేనిది ఏదైనా ఉంటే 14416కు ఫోన్ చేయి; అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి, ఆ టెలి మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు.

సంక్రాంతికి నీకు ఫిట్స్ వచ్చినప్పుడు పిన్ని చేసింది నీకు తెలియదు. నిన్ను పక్కకు తిప్పి, తల కింద చున్నీ మడిచి పెట్టి, తాళాలు పట్టుకొచ్చిన వారిని వారించి, గడియారం చూస్తూ కూర్చుంది. నీవు కళ్ళు తెరవగానే, "ఇంట్లోనే ఉన్నావమ్మా, నేనున్నాను" అంది. ఆ రోజు నీవు సిగ్గుపడలేదు, పిన్ని ఒడిలోనే మళ్ళీ నిద్రపోయావు.

అటువంటి మనిషి నీకు అక్కడ ఒక్కరు చాలు, ఊరంతటికీ చాటనక్కర లేదు. నోట్లో చెంచా గాని నీళ్ళు గాని పెట్టకూడదనీ, కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకోకూడదనీ, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలనీ ఆ అమ్మాయికి తెలిస్తే మాకూ కంటి మీద కునుకు పడుతుంది. ఆదివారం నేను వస్తున్నాను. ఒంటరిగా చెప్పడానికి నోరు రాకపోతే ఇద్దరం కలిసే చెబుదాం. నీ మందుల చీటీ నకలు ఒకటి తీసి ఉంచు, ఆ అమ్మాయికి ఇద్దాం.

ఇట్లు,
మీ నాన్న