అయిదింటికీ టిక్కు పెట్టేస్తే సరిపోతుందా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ బిజినెస్ పేజీలో, సొంతంగా ట్రేడింగ్ చేసుకునేవాళ్లకు ఏ డేటా ఫీడ్ (మార్కెట్ రేట్లు ఎప్పటికప్పుడు మన స్క్రీన్‌కి పంపే సర్వీసు) మేలో చెబుతూ పెద్ద పట్టిక వేశారు కదా, దాని గురించే ఈ ఉత్తరం. ఆరోజే రాద్దామనుకున్నాను. ఆదివారం కోపం సోమవారానికి చల్లారుతుందిలే అని ఊరుకుంటే మంగళవారం నిఫ్టీ ఎక్స్‌పైరీ, అంటే ఆప్షన్ల గడువు తీరే రోజు, వచ్చింది, మళ్లీ రాజుకుంది.

అయిదు కంపెనీల పేర్లు, నెల చందా, ఎన్నేళ్ల పాత డేటా ఇస్తారు, చివర్న స్టార్లు. మధ్యలో ‘నిజ సమయ దత్తాంశం’ అని (రియల్ టైమ్ డేటా అని వాళ్ల ఉద్దేశం) ఒక గడి, అయిదింటికీ పచ్చ టిక్కు. నిజ సమయమట! అబద్ధపు సమయం కూడా ఒకటి ఉంటుంది కాబోలు. (రేటు ఎక్కడిదాకా లేచి దిగిందో నిలువు గీతల్లో చూపే క్యాండిల్ చార్టుల్ని ‘కొవ్వొత్తి పటాలు’ అని రాసినవాళ్లను ఏమనాలో కూడా తెలియడం లేదు. మన భాషలో పేపరు చదివేవాడికి క్యాండిల్ అంటే తెలియదనుకున్నారా, లేక ఏ యంత్రానికో ఇచ్చి తర్జుమా చేయించారా?) బ్రోకర్ కంపెనీ జెరోధా ఏపీఐ (మన ప్రోగ్రామ్‌ని నేరుగా బ్రోకర్‌కి కలిపే దారి) చందా నెలకు 2000 అని వేశారు, అది 2025లోనే 500కి తగ్గింది. మన బెంగళూరులోనే ఉన్న కంపెనీ, జేపీ నగర్‌కి ఒక్క ఫోన్ కొడితే చెప్పేవాళ్లు.

అసలు కోపం ధరల గురించి కాదు, ఆ పచ్చ టిక్కు గురించి. అది నాకు ఎంతకు పడిందో చెప్తాను.

చిక్కపేటలో మా అన్నయ్యకు బట్టల కొట్టు ఉంది. మేడ మీద గోడౌన్ గదిలో, చీరల బేళ్ల మధ్య నావి రెండు మానిటర్లు. ఒక ఎక్స్‌పైరీ రోజు పొద్దున ఒక నిఫ్టీ కాల్ ఆప్షన్ (నిఫ్టీ పెరుగుతుందని కాసే పందెం లాంటిది) చూస్తున్నాను. నా బ్రోకర్ చార్టులో పదింటి ప్రాంతంలో అది 41.20 దాకా దిగి లేచింది. సరే, అడుగు అక్కడుంది కదా అని 62కి కొని, 40 దగ్గర స్టాప్‌లాస్, అంటే అక్కడికి దిగితే దానంతటదే అమ్మేసే ఆర్డర్, పెట్టుకున్నాను. మధ్యాహ్నం రెండున్నర దాటాక 39.50కి ఒకసారి తగిలి వెళ్లిపోయింది. నన్ను బయటికి తోసేసి అరగంటలో 90కి పోయింది. ఇవి అందరికీ జరిగేవే, దీనికి పేపరుకి ఉత్తరం రాయరు. సాయంత్రం మారతహళ్లిలో ఉండే మా బావమరిదికి ఫోన్ చేసి ఏడిస్తే, వాడు, “బావా, నా దాంట్లో పొద్దునే 38.60 కొట్టొచ్చింది కదా, నువ్వు 40 దగ్గర ఎలా పెట్టావు?” అన్నాడు. వాడు ఫీడ్ అమ్మే వేరే వెండర్ దగ్గర డబ్బు కట్టి, ఆమిబ్రోకర్ అనే చార్టుల సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్నాడు. అదే ఆప్షన్, అదే నిమిషం. వాడి క్యాండిల్‌కు కింద పొడుగ్గా తోక ఉంది, నా క్యాండిల్‌కు లేదు. ఇంకా చిత్రమేమిటంటే నా స్క్రీన్ మీదే ఓ మూలన ‘రోజు కనిష్ఠం 38.60’ అని చిన్న అక్షరాల్లో ఉంది, అది ఎక్స్‌చేంజ్ పంపే అంకె. చార్టులో మాత్రం ఏ క్యాండిలూ అక్కడిదాకా దిగలేదు. ఆ మూల చూసుకోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఒకే స్క్రీన్‌లో రెండు మాటలు చెప్పేదాన్ని ఏమంటారు?

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, “చార్టులు సూచన కోసం మాత్రమే సార్” అన్నారు. మరి ప్రకటనలో అలా వేయరేం!

తర్వాత బావమరిది విడమరిచి చెప్పాడు. ఎక్స్‌చేంజ్‌లో ఒక్క సెకనులో వందల లావాదేవీలు జరుగుతాయి. మనకు యాప్‌లో వచ్చేది వాటిలో సెకనుకు ఒకటో రెండో తీసిన ఫొటోలు, స్నాప్‌షాట్ అంటారు. ఫొటోకీ ఫొటోకీ మధ్య రేటు కిందికెళ్లి వచ్చేస్తే ఆ తోక మన క్యాండిల్‌లో ఉండదు. ప్రతి లావాదేవీ వచ్చేదాన్ని టిక్ బై టిక్ అంటారు. నిఫ్టీ నడిచే ఎక్స్‌చేంజ్ ఎన్‌ఎస్‌ఈ వాళ్లే లెవెల్ 1, 2, 3, టిక్ బై టిక్ అని వేర్వేరుగా అమ్ముతారు. లెవెల్ 1లో ఒక్క కొనుగోలు, అమ్మకం ధర. 2లో అలాంటివి అయిదు వరసలు (దీన్నే డెప్త్ అంటారు), 3లో ఇరవై. వీటి కింద నిమిషానికోసారి వచ్చేవీ, పావుగంట ఆలస్యంగా వచ్చేవీ ఉన్నాయి. ఇన్ని రకాల సరుకు ఉంటే మీరు ఒకే గడిలో పోసి టిక్కు పెట్టారు. నెట్ పోయి వస్తే మధ్యలో పోయిన డేటా మళ్లీ నింపుతుందా అన్న ప్రశ్న మీ పట్టికలో లేనే లేదు. బెంగళూరులో వారానికోసారి ఎవరో ఒకరు రోడ్డు తవ్వి ఫైబర్ తెంపుతారు, ఇక్కడ అచ్చయ్యే పేపరుకి ఆ సంగతి తెలియదా? నగదు షేర్లు, ఎఫ్‌అండ్‌ఓ (ఫ్యూచర్లు, ఆప్షన్లు), ఎంసీఎక్స్ (బంగారం, ముడిచమురు లాంటి సరుకులు) దేనికదే విడిగా కట్టాలని గానీ, పైన 18 శాతం జీఎస్టీ అని గానీ చెప్పలేదు. వెండర్‌కు ఎక్స్‌చేంజ్ అనుమతి ఉందా అన్నది అన్నిటికంటే ముందు రాయాల్సింది. టెలిగ్రామ్‌లో నెలకు మూడొందలకు ‘లైవ్ ఫీడ్’ అని దొంగసరుకు అమ్ముతుంటే కుర్రాళ్లు ఎగబడి కొంటున్నారు.

ఫీడ్ ఆగిపోతే ఆగిపోయిందని స్క్రీన్ చెబుతుందా అన్నది ఇంకోటి. 2021 ఫిబ్రవరి 24న ఎన్‌ఎస్‌ఈ ఆగినరోజు గుర్తుందా? 11.40కి ట్రేడింగ్ మూసేశారు, మళ్లీ 3.45కి తెరిచి అయిదింటిదాకా నడిపారు. మూసేయకముందే నిఫ్టీ అంకె కదలడం మానేసింది. మార్కెట్ నిలబడిందా, నెట్ పోయిందా తెలియక రూటర్ తీసి పెట్టి, తీసి పెట్టి చూసినవాళ్లలో నేనొకణ్ని.

మా కొట్టులో మీటర్ కడ్డీ ఉంటుంది. దానికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, గడువు తప్పితే జరిమానా. బ్లౌజ్ పీసు కొలిచే కడ్డీకి ముద్ర కావాలి గానీ, రోజూ లక్షలు పెట్టేవాళ్లు చూసే రేటుకు ఏ ముద్రా అక్కర్లేదు. పాల ప్యాకెట్ మీద కొవ్వు శాతం వేస్తారు. ‘ఇది సెకనుకు ఒకసారి తీసిన స్నాప్‌షాట్, అయిదు వరసల డెప్త్’ అని చార్టు కింద ఒక లైను వేయించడం మార్కెట్‌ను నియంత్రించే సెబీకి చేతకాని పనా?

చేతకాక కాదు. చిన్నవాడి మీద నిబంధన పెట్టాలంటే చకచకా వస్తాయి. 2025 ఫిబ్రవరిలో రిటైల్ ఆల్గోల మీద (మనలాంటివాళ్ల తరఫున ప్రోగ్రామే ఆర్డర్లు పెట్టడం) సర్క్యులర్ ఇచ్చారు, ఏపీఐ వాడాలంటే స్టాటిక్ ఐపీ, అంటే మారని ఇంటర్నెట్ చిరునామా, ఉండాలన్నారు. అదే ఏడాది జనవరిలో, మార్కెట్ పాఠాలు చెప్పేవాళ్లు మూడు నెలల పాత ధరలే చూపించాలన్నారు. అందులో మంచి లేకపోలేదు. కానీ వాళ్ల 2024 సెప్టెంబరు నివేదికే చెప్పింది, మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్‌అండ్‌ఓలో 93 శాతం మంది వ్యక్తులు నష్టపోయారని, పోయింది 1.8 లక్షల కోట్లు దాటిందని. అదే నివేదికలో విదేశీ సంస్థల లాభాల్లో 97 శాతం ఆల్గోల ద్వారానే వచ్చిందనీ ఉంది. ఎన్‌ఎస్‌ఈలో, ఎక్స్‌చేంజ్ పక్కనే ట్రేడర్లు సర్వర్లు పెట్టుకునే ఏర్పాటులో ముందు కనెక్ట్ అయినవాడికి ముందు రేటు వెళ్లిందన్న గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. 2019లో ఎన్‌ఎస్‌ఈని 624.89 కోట్లు వడ్డీతో కట్టమని సెబీ అంటే, 2023లో అప్పీళ్ల ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసి 100 కోట్లు చాలంది. వాళ్లు కొట్టుకునేది సెకనులో ఎన్నో వంతు కోసం. మాకు పూర్తి సెకను కూడా సరిగ్గా రాదు.

జేసీ రోడ్డులో మన బెంగళూరు స్టాక్ ఎక్స్‌చేంజ్ ఉండేది, 2014లో అదీ మూతపడింది. అక్కడ రేటు అరిస్తే అందరికీ ఒకేసారి వినపడేదని మా అన్నయ్య అంటాడు. ఆయన అక్కడ ఎప్పుడైనా లోపలికి వెళ్లాడో లేదో నాకు నమ్మకం లేదు, అది వేరే సంగతి.

మీ పట్టిక కిందే ఒక ట్రేడింగ్ యాప్ ప్రకటన అరపేజీ ఉంది, చూశాను. వచ్చే ఆదివారం ఆ టిక్కుల గడి తీసేసి, ‘సెకనుకు ఎన్నిసార్లు?’ అన్న గడి పెట్టి, అయిదుగురినీ అడిగి అంకె వేయండి. నేను అడిగితే మెయిల్ పంపండి సార్ అన్నారు, పంపి మూడు వారాలైంది. మీరు అడిగితే చెప్తారేమో, ప్రకటనలు ఇచ్చేవాళ్లు కదా.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
చిక్కపేట, బెంగళూరు